సమ్మర్ క్యాంపంటే ఒళ్లుమంట: పిల్లలు నవ్వే నవల రాయడం ఎలా

వేసవి శిబిరంలో ఇరుక్కుపోయిన పిల్లాడి మీద నవల రాద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదటి పేజీలోనే వాణ్ని తీసుకెళ్లి శిబిరం గేటు ముందు దింపేస్తారు. ట్రంకుపెట్టె, వార్డెను, నీళ్ల సాంబారు, దోమలు. నాలుగో అధ్యాయానికి సరుకైపోతుంది. ఇక వార్డెను అరటితొక్క మీద జారిపడటం ఒక్కటే మిగులుతుంది. అక్కడ పిల్లాడికి ఏం నచ్చలేదో రాసుకుంటూ పోతే ఇదే గతి. అక్కడికి రావడం వల్ల ఇంటి దగ్గర వాడికి ఏం పోయిందో ముందు తేల్చుకోండి. పోయింది ఎంత పెద్దదైతే మంట అంత నిలుస్తుంది.

49 గళ్ల కాగితం

2025లో ఆంధ్రప్రదేశ్‌లో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. మొత్తం 49 రోజులు. తెల్లకాగితం మీద 49 గళ్లు గీయండి. మీ పిల్లాడికి పదకొండేళ్లు, ఆరో తరగతి అయిపోయిందనుకుందాం. ఏ గడిలో ఏం చేద్దామనుకున్నాడో పెన్సిలుతో నింపండి. ‘అమ్మమ్మగారి ఊరు’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే కుదరదు. ఊరు కోవూరు పక్కనైతే పెన్నా ఇసుకలో ఆట ఏ పూట? మామిడికాయ ముక్కలు కొట్టే రోజు జీడి తీసే పని ఎవరిది? మామ కొడుక్కి వీడు బాకీ ఉన్న గోలీలు ఎన్ని? అంత దాకా వెళ్లాలి.

ఇప్పుడు శిబిరం 21 రోజులు. రబ్బరు తీసుకుని 21 గళ్లు చెరిపేయండి. ఏవి చెరిపితే వాడికి ఎక్కువ నొప్పో వాటినే చెరపండి. రచయితకు జాలి పనికిరాదు.

ఆ చెరిపినవాటిలోంచి ఒకదాన్ని నవల మొత్తానికి గడియారంగా పెట్టుకోండి. మన వైపు తాటిముంజెలంత మంచి గడియారం దొరకదు. కత్తితో తల తీసిన లేతకాయలో మూడు కళ్లు, బొటనవేలు గుచ్చితే చొక్కా మీద చిందే నీళ్లు. తినేశాక రెండు ఖాళీ కాయలు, మధ్యలో ఇరుసుగా ఒక పుల్ల, తోసుకుంటూ పరిగెత్తడానికి ఒక పంగలకర్ర ఉంటే బండి తయారు. ఇవన్నీ పిల్లలకు ఇష్టమే గానీ మీకు పనికొచ్చే గుణం వేరే ఉంది. ముంజె ఎవరి కోసమూ ఆగదు. నాలుగు రోజులు ఆలస్యమైతే కన్ను గట్టిపడుతుంది, ఇంకా ఆగితే పళ్లకు పని. కాబట్టి శిబిరంలో గడిచే ప్రతిరోజూ అమ్మమ్మగారి పొలం గట్టు మీద కాయలు ముదురుతూ ఉంటాయి. పిల్లాడికి అది ప్రాణసంకటం, పెద్దవాళ్లకు అసలు పట్టని విషయం. నవ్వంతా ఆ తేడాలోనే ఉంది.

ఎలాంటి శిబిరం?

1861లో అమెరికాలోని కనెటికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్లి ఆరుబయట గుడారాల్లో ఉంచాడు. అక్కడి వేసవి శిబిరాలకు అదే మొదలంటారు. అందుకే అక్కడి కథల్లో సరస్సు, కొయ్యగది, చలిమంట ఉంటాయి. మే నెలలో నెల్లూరు పిల్లాణ్ని చలిమంట ముందు కూర్చోబెడితే పాఠకులు నవ్వుతారు, అయితే మీరనుకున్న చోట మాత్రం కాదు.

మనకు ఉన్నవి రెండు రకాలు. గ్రంథాలయాల్లో జరిగే వేసవి విజ్ఞాన శిబిరాలు, స్టేడియంలో ఆటల కోచింగు లాంటివి ఒక రకం. పిల్లాడు మధ్యాహ్నానికో సాయంత్రానికో ఇంటికొచ్చి పడతాడు, కోపం అన్నంతో పాటు అరిగిపోతుంది. కథకు చాలు, నవలకు చాలదు. రెండోది అక్కడే ఉండి తిని పడుకునేది. కాలేజీ పిల్లలు ఇళ్లకెళ్లాక ఖాళీ అయిన హాస్టల్లో నడుస్తుంది. కరపత్రంలో ఈతకొలను, టైంటేబుల్లో ఏడో తరగతి లెక్కలు. మన పిల్లల అసలు కడుపుమంట ఇదే, నవలకు ఇదే తీసుకోండి.

మొదటి అధ్యాయం కంటే ముందు ఆ కరపత్రం మీరే రాయండి. అరపేజీ చాలు. అందులో చేసిన ప్రతి వాగ్దానమూ నవలలో ఎక్కడో తేలాలి. ఈత: ఎండాకాలం కాబట్టి కొలనులో నీళ్లుండవు, బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి చేతులు ఆడించమంటారు. గుర్రపుస్వారీ: పెళ్లిళ్లకు తిప్పే గుర్రాన్ని ఒక్కరోజు తెస్తారు, అది బ్యాండు వినిపిస్తే తప్ప అడుగు వేయదు. ప్రకృతి నడక: హాస్టలు చుట్టూ మూడు రౌండ్లు. టైంటేబుల్లో ప్రతి పీరియడుకీ ముందు ‘సరదా’ తగిలించండి. సరదా లెక్కలు, సరదా ఫిజిక్సు, సరదా మౌనం.

ఒక్క వాగ్దానం మాత్రం నిజం కావాలి. లేకపోతే మూడో అధ్యాయానికే అంతా ఒకే రంగైపోతుంది. ఉదయగిరి చెక్క చెంచాలు చేసే పనివాణ్ని రెండు పూటలు పిలిపించండి. చెక్కను గరుకు కాగితంతో రుద్దుతుంటే పిల్లాడికి టైము తెలియకుండా పోవాలి. అయినా వాడు నచ్చిందని ఒప్పుకోడు. చెంచా దిండు కింద దాచుకుంటాడు, అంతే.

చోటు కూడా ముందే ఖాయం చేసుకోండి. శిబిరం కావలి దగ్గర, 16వ నంబరు జాతీయ రహదారి మీద పెడితే నెల్లూరు దక్షిణాన, ఒంగోలు ఉత్తరాన, సముద్రం తూర్పున. మధ్యాహ్నం దాకా పడమటి గాలి కాలుస్తుంది, సాయంత్రానికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. అదే ఉదయగిరిలోనో కనిగిరిలోనో పెడితే ఆ గాలి రాదు, రాత్రి కూడా గోడలు సెగ కక్కుతాయి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. రోళ్లు పగులుతాయనే మాట పిల్లాడు విని ఉంటాడు. హాస్టలు వంటింట్లో రోలు పగిలిందో లేదో రోజూ వెళ్లి చూసొచ్చేవాడిగా చేస్తే, ఖర్చు లేకుండా ఒక నవ్వు వస్తుంది.

గొంతు

పిల్లాడే ‘నేను’ అని చెప్పాలి. తెలుగులో అల్లరి పిల్లాడి గొంతు అనగానే అందరి చెవుల్లోనూ ముళ్లపూడి ‘బుడుగు’ గొంతు మోగుతుంది, చెయ్యి దానంతటదే అటు జారుతుంది. రాశాక మొదటి రెండు పేజీలూ పైకి చదవండి. ముద్దుమాటలు వినపడితే కొట్టేయండి. పదకొండేళ్లవాడు తనను తాను ముద్దుగా అనుకోడు, లోకంలో తనొక్కడే బాధ్యత గల మనిషిననుకుంటాడు.

ఇలా రాయకండి:

“నాకు శిబిరం అస్సలు నచ్చలేదు. వార్డెన్ చాలా కఠినమైన వ్యక్తి. మమ్మల్ని తెల్లవారుజామునే నిర్దాక్షిణ్యంగా నిద్రలేపేవారు.”

ఇలా రాసి చూడండి:

“ఐదింటికి గంట కొట్టారు. నేను లేవలేదు. ఐదూ రెండుకు వార్డెను సారు లేపారు. నన్ను కాదు, మంచాన్ని.”

రెండో దాంట్లో కఠినం, నిర్దాక్షిణ్యం లాంటి మాట ఒక్కటీ లేదు. రెండు టైములు, ఒక పని, చివర ఒక దిద్దుబాటు. తమాషాగా, విచిత్రంగా, నవ్వొచ్చేలా అనే మాటలు ఎక్కడ కనపడినా తీసేయండి. ‘నవ్వాగలేదు’ అని పిల్లాడు చెప్పాడంటే అక్కడ పాఠకుడికి నవ్వు రాలేదని లెక్క.

యాస సంగతి. కథనం మామూలు వాడుక తెలుగులో నడిపించి, సంభాషణలు మాత్రం ఊరి మాటల్లో ఉంచండి. అంతా యాసలో రాస్తే పక్క జిల్లా నాలుగో తరగతి పిల్ల అక్షరాలు కూడబలుక్కుంటూ నవ్వు మర్చిపోతుంది. నెల్లూరు వైపు ‘ఎట్టుండావు’, ‘బాగుండాను’ అంటారు. ఒంగోలు దగ్గర ‘ఎట్టా ఉన్నావు’, ‘పోతన్నా’ అంటారు. ఒకే పాత్ర నోట రెండూ పెట్టకండి. రెండు వైపుల పిల్లలనూ ఒకే గదిలో వేసి, ఎవరిది సరైన మాటో రాత్రంతా తగువులాడుకోనివ్వండి.

పేరు దగ్గర కూడా పని ఉంది. ఇప్పటి పిల్లల పేర్లు సాయి హర్షిత్, జశ్వంత్ అని ఉంటాయి. ఇక్కడ చాలా ఇళ్లలో పెంచలకోన స్వామి పేరో, మాలకొండ స్వామి పేరో కూడా కలిసి ఉంటుంది. బళ్లో ‘హర్షిత్’గా చలామణి అయ్యేవాడి పూర్తి పేరు ‘పెంచల సాయి హర్షిత్’ అని శిబిరం రిజిస్టరులో పడుతుంది. వార్డెను దాన్ని మొదటి రోజే ‘పెంచలయ్యా’ అని పిలుస్తాడు. అది తాత పేరు. వీడు పలకడు. ఈ పలకకపోవడంతో రెండు అధ్యాయాలు నడపొచ్చు.

పారిపోయే ప్రయత్నాలు

మూడు చాలు. నాలుగోది పెడితే విసుగు. మూడింటికీ ఒకటే సూత్రం: పథకం దాని తెలివితేటల వల్లే చెడాలి. వార్డెను అనుకోకుండా అటు రావడం వల్ల చెడితే అది రచయిత సోమరితనం.

మొదటిది జ్వరం. చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే ఒళ్లు కాలుతుందని ప్రతి బళ్లోనూ ఒకడు చెబుతాడు. ఉల్లిపాయకు అలాంటి గుణం లేదు, వాసన మాత్రం ఉంది. పిల్లాడు జాగ్రత్తపరుడు కాబట్టి ఒకటి చాలదని రెండు పెట్టుకుంటాడు. రాత్రంతా పెట్టుకుంటాడు. పొద్దున గదిలో ఎనిమిది మందికీ ముక్కులు పగిలిపోతాయి. సారు ఏమీ అనడు, వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పని ఇస్తాడు. అప్పుడు కళ్లు ఎర్రబడతాయి, ముక్కు కారుతుంది. నిజం జ్వరంలాగే ఉంటుంది, ఎవరూ నమ్మరు.

రెండోది ఫోను. ఇదే నవలకు నడుము, దీని మీద తీరిగ్గా పని చేయండి. అమెరికా కథల్లో పిల్లలు ఇంటికి ఉత్తరాలు రాస్తారు. మన దగ్గర ఆదివారం వార్డెను ఫోను, మూడు నిమిషాలు, స్పీకరు పెట్టి. పిల్లాడు రహస్య సంకేతం తయారుచేసుకుంటాడు. ఆ సంకేతాన్ని అమ్మకు చెప్పి రావడం మాత్రం మర్చిపోతాడు.

“ఎట్టుండావు నాయనా?”

“చాలా బాగుండానమ్మా.”

“కూడు ఎట్టుండాది?”

“బాగుండాది. అమ్మా, మన బర్రె ఎట్టుండాది?”

“మనకి బర్రె యాడుందిరా?”

“అదేనమ్మా, కట్టేసినారే. పాపం, ఇప్పేయమంటా ఉండాది.”

సారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత అమ్మ గొంతు, సన్నగా: “సారూ, వాడికి ఎండదెబ్బేమన్నా తగిలిందేమో సూడండి సారూ.”

సన్నివేశం అక్కడే తెంచేయండి. బర్రె అంటే తనేనని పిల్లాడు పాఠకుడికి విడమరిచి చెప్పకూడదు. మర్నాటి నుంచి ఆటల పీరియడులో మిగతావాళ్లు బయటికి పోతుంటే వీడొక్కడు నీడలో కూర్చుని మజ్జిగ తాగాలి. అంటే శిబిరంలో ఉన్న ఒక్క మంచి గంట కూడా పోతుంది.

మూడోది గేటు దాటడం. ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోండి, చదివే పిల్లలు చేసి చూస్తారు. జాతీయ రహదారి మీదికి పిల్లాణ్ని పంపకండి, లారీ ఎక్కించకండి. గేటు పక్క టీ బంకు దాకా చాలు. దిక్కులతో నవ్వించండి: పొద్దున పూట నెల్లూరు వైపు నడిస్తే ఎండ ఎడమ చెంపకు కొట్టాలి. మనవాడు ఎడమ అని గుర్తుపెట్టుకుని సాయంత్రం బయల్దేరతాడు. ఎండ ఎడమ చెంపకే కొడుతుంటుంది, మొహం ఒంగోలు వైపుంటుంది. బంకులో టీ తాగుతున్న సారు “ఎందాకా పెంచలయ్యా?” అని అడిగితే, అప్పుడు మొదటిసారి పలుకుతాడు.

ఉప్మా లెక్క

పదే పదే వచ్చే హాస్యం ఒకటే ఉండాలి. గోధుమరవ్వ ఉప్మా అనుకోండి. 15 అధ్యాయాల్లో ఐదుసార్లు రావాలి, ప్రతిసారీ వేరే పని చేయాలి. మొదటిసారి తిండి, అంతే. రెండోసారి నిన్నటి ఉప్మా టమోటాతో వేషం మార్చుకుని వస్తుంది. మూడోసారి ఎవడో దాన్ని ముద్ద చేసి కారుతున్న కొళాయికి అద్దితే కారడం ఆగిపోతుంది. నాలుగోసారి కరపత్రంలో ‘పౌష్టికాహారం’ అన్నచోట దాని ఫొటో. ఐదోసారి కథను ముందుకు తోయాలి: గాలివాన రాత్రి పగిలిన కిటికీ సందుల్లో పిల్లలంతా ఉప్మా కూరతారు. ఐదోది దొరకకపోతే మొదటి నాలుగూ తీసేయడం మేలు.

గాలివాన మే నెలలో ఎక్కడిదని ఎడిటరు అడగొచ్చు. 2010లో లైలా తుపాను మే 20న బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోయి, ఫోన్లు మూగబోయి, సరదా లెక్కలు ఆగిపోయిన ఆ ఒక్క రాత్రే ఈ శిబిరంలో నిజమైన సరదా జరుగుతుంది. మూడు అధ్యాయాలు ఇవ్వండి.

మిగతా మనుషులు

గదిలో ఎనిమిది మంది ఉన్నా పేర్లతో ఐదుగురికి మించొద్దు. ఒక్కొక్కరికీ ఒక కోరిక ఉండాలి: ఒకడికి చార్జింగు, ఒకడికి వాళ్ల కుక్క, ఒకడికి పై బెర్తు. శిబిరం నిజంగా నచ్చిన పిల్ల ఒకతె తప్పనిసరి. వేదగణితం అంటే ప్రాణం పెట్టే ఆ పిల్ల పక్కన ఉంటేనే మనవాడి ఏడుపు పండుతుంది. ఆ పిల్లను వెక్కిరించకండి, లెక్కలో ఆ పిల్లే గెలవాలి.

లావు, నలుపు, నత్తి, కులం, పల్లెటూరి మాట: వీటి మీద ఒక్క నవ్వు కూడా వద్దు. చదివేవాళ్లలో అలాంటి పిల్లాడు ఉంటే పుస్తకం మూసేస్తాడు, మళ్లీ తెరవడు.

వార్డెను దుర్మార్గుడైతే నవల చప్పబడుతుంది. ఆయనకూ సెలవుల్లో ఊరుంది, పోలేకపోయాడు. ఇది పిల్లాడికి ఎవరూ చెప్పకూడదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన మెట్ల మీద కూర్చుని ఫోనులో ఎవరినో “కాయలు దింపినారా?” అని అడగడం వీడు వింటాడు. ఒక్క వాక్యం. వ్యాఖ్యానం లేకుండా ముందుకు పొండి.

చివర

శిబిరం వల్ల పిల్లాడు బాగుపడ్డాడు అని ముగిస్తే చదివిన పిల్లలు మోసపోయామనుకుంటారు, అమ్మలు వచ్చే ఏడు నిజంగానే పంపిస్తారు. చివరి పేజీలో కూడా వాడికి ఒళ్లుమంట ఉండాలి. 22వ రోజు బస్సు దిగి నేరుగా పొలం గట్టుకు పరిగెత్తుతాడు. కాయలు ముదిరిపోయి ఉంటాయి. దిండు కింద దాచిన ఉదయగిరి చెంచా తీసి గీకుతాడు. చెంచా వంగదు, ముంజె కదలదు. ఆగస్టులో తాటిపండ్లు వస్తాయిలే అని అమ్మమ్మ అంటే, ఆగస్టులో బడి ఉంటుందని వాడు లెక్క చెబుతాడు. సరదా లెక్కలు వచ్చేశాయి మరి.

పరీక్ష, కొలతలు

అధ్యాయానికి 1,200 మాటల చొప్పున 15 అధ్యాయాలు, మొత్తం 18,000. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అది సరిపోతుంది. ఒక అధ్యాయం పైకి చదవడానికి పావుగంట లోపే పడుతుంది.

అచ్చుకు ముందు ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చదవండి. మీ పిల్లలు, మీ విద్యార్థులు లెక్కలోకి రారు, వాళ్లు మర్యాదకు నవ్వుతారు. ప్రతి పేజీ అంచున పెన్సిలుతో గుర్తులు పెట్టండి: నవ్వితే ఒక గీత, కాళ్లు ఊపితే సున్నా. వరసగా మూడు సున్నాలు వస్తే ఆ భాగం తగ్గించండి. ‘బాగుందా?’ అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. ‘ఇప్పుడు వీడేం చేస్తాడు?’ అని అడగండి. ఐదుగురూ ఒకే జవాబు సరిగ్గా చెబితే కథ మార్చండి. పిల్లలు నవ్విన చోట కింద మీరు హాస్యాన్ని వివరించిన వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది, వెతికి కొట్టేయండి.

పుస్తకం డెమీ సైజు, అక్షరం 14 పాయింట్లు. వత్తులు కింది పంక్తికి తగలకుండా పంక్తుల మధ్య ఎడం వదలాలి, కాబట్టి పేజీకి పాతిక పంక్తులే పడతాయి. పంక్తికి ఆరేడు మాటల చొప్పున పేజీకి సుమారు 160. 18,000 మాటలకు 113 పేజీలు, బొమ్మలకు 11, ముందు పేజీలు 4, మొత్తం 128. ఫారానికి, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే కట్టకు, 16 పేజీలు కాబట్టి సరిగ్గా ఎనిమిది ఫారాలు. 130 పేజీలైతే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం పెరుగుతుంది. ముద్దొచ్చే రెండు పేరాలు అక్కడ త్యాగం చేయండి.

అట్టబొమ్మ వేసే ఆయనకు ‘సమ్మర్ క్యాంపు’ అని మాత్రమే చెబితే గుడారం, మంట, గిటారు వేసుకొస్తాడు. ఇనపమంచం, దాని కింద సగం నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్టు, మంచం కోడుకు ఆరేసిన తువ్వాలు, ఆ తువ్వాలు చాటు నుంచి మనల్ని చూస్తున్న ఒక కన్ను అని విడివిడిగా రాసివ్వండి. ఇంకా ఖాళీ ఉందంటే ఒక మూల ఉప్మా ప్లేటు వేయమనండి, పొగలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.